పాత ప్యాకెట్ మీద ఒక పేరు, కొత్త ప్యాకెట్ మీద ఇంకో పేరు

పోయిన నెల బత్తాయి నర్సరీల గురించి రాస్తూ మాటవరసకి 'వ్యామ్' అన్నాను, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: మొక్కల పీచు వేర్లలో కాపురముండే సన్నటి బూజు అది. మట్టిలోకి దారాలు పంపి భాస్వరం, జింకు తెచ్చి మొక్కకిస్తుంది, బదులుగా ఆకు తయారుచేసిన చక్కెరలో, కొవ్వులో వాటా తీసుకుంటుంది. పుస్తకాల్లో మైకోరైజా అంటారు, ఎరువుల కొట్టులో వ్యామ్ అంటేనే ఇస్తారు. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మాకు ఆరెకరాల బత్తాయి ఉంది. మూడేళ్ల కింద పాదుల్లో వేయడానికి వ్యామ్ ప్యాకెట్లు తెస్తే వాటి మీద 'గ్లోమస్ ఇంట్రారాడిసెస్' అని ఉండె. ఈసారి అదే కంపెనీ, అదే రంగు ప్యాకెట్, పేరు మాత్రం 'రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్'. డీలర్‌ను అడిగితే రెండూ ఒకటే, వేసుకో అంటడు. మా అబ్బాయి ఫోన్లో చూసి, కాదు నాన్నా రెండూ వేరే అంటున్నడు. ఎవరిని నమ్మాలె? (ఒక రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది, చిక్కంతా అక్కడే.

ఈ కథ మొదలైంది మీ తోటలాంటి తోటలోనే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, ఓర్లాండో. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే అందరికీ డిస్నీ పార్కు గుర్తొస్తుంది గానీ ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా నారింజ తోటలు. అక్కడి చెట్ల వేర్ల దగ్గర దొరికిన ఒక బూజును 1982లో షెంక్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించి 'గ్లోమస్ ఇంట్రారాడిసెస్' అని పేరు పెట్టారు. లాటిన్‌లో 'వేర్ల లోపల' అని అర్థం. మిగతావి ఎక్కువగా వేరు బయట మట్టిలో స్పోర్లు (విత్తనాల్లాంటి బీజాలు) పెడితే ఇది వేరు లోపల కూడా గుత్తులు గుత్తులుగా పెడుతుంది, అందుకని ఆ పేరు.

అదే రోజుల్లో కెనడాలో, క్వెబెక్ రాష్ట్రంలోని పోంట్‌రూజ్ అనే చోట మట్టిలోంచి ఇంకో బూజును తీశారు. దానికీ వేరు లోపల స్పోర్లే, రంగూ సైజూ కూడా దాదాపు అంతే, మైక్రోస్కోపులో పక్కపక్కన పెట్టినా తేడా చెప్పడం కష్టం. సరే ఇదీ ఇంట్రారాడిసెసే అనుకున్నారు. ఈ కెనడా బూజుకు డీఏఓఎం 197198 అని నంబరు ఇచ్చారు, ఒట్టావాలోని వాళ్ల శిలీంధ్రాల భండారం నంబరు అది. ఈ జాతులేవీ ల్యాబ్‌లో బూజులు పెంచే అగార్ జెల్లీ ఒక్కదాని మీదే పెరగవు, బతికున్న వేరు ఉండాల్సిందే. గాజు పళ్లెంలో క్యారెట్ వేరును పెంచి దాని మీద బూజును పెంచే పద్ధతి 1980ల చివరికి కుదిరింది, అందులో ఈ కెనడా బూజు ఎంత బాగా పెరిగిందంటే, ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో చూసినా ఇదే. కంపెనీలు కూడా దీని వెంటే పడ్డాయి. ఏళ్ల తరబడి వందల పరిశోధనా పత్రాల్లో దాన్ని ఇంట్రారాడిసెస్ అనే రాశారు.

2009లో స్టాకింగర్, వాకర్, షూస్లర్ అనే ముగ్గురు ఫ్లోరిడా తోట బూజు అసలు కల్చర్‌నీ (అంటే పెంచి బతికించి దాచిన బూజునీ) కెనడా దాన్నీ తీసుకుని డీఎన్ఏ చదివారు. రెండూ ఒకటి కావు! అందరూ వాడుతున్న ఈ మోడల్ బూజు గ్లోమస్ ఇంట్రారాడిసెస్ కాదు అని పత్రం శీర్షికలోనే రాసేశారు, ఏ డొంకతిరుగుడూ లేకుండా. దాదాపు అప్పుడే పోలెండ్‌లో బ్లాష్కోవ్‌స్కీ బృందం 'గ్లోమస్ ఇర్రెగ్యులారె' అని ఒక కొత్త జాతిని వర్ణించింది, స్పోర్ల ఆకారం వంకరటింకరగా ఉంటుందని ఆ పేరు. కెనడా బూజు దీనికి సరిగ్గా సరిపోయింది. 2010లో గ్లోమస్ కుటుంబం ఆస్తి పంపకాలు జరిగినట్టు ముక్కలైంది, ఈ రెండూ 'రైజోఫేగస్' అనే వాటా కిందికి వచ్చాయి. అలా ఒకటి రైజోఫేగస్ ఇంట్రారాడిసెస్, ఇంకోటి రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్. అక్కడితో ఆగలేదు లెండి. రైజోఫేగస్ అన్న పేరు మొదట పెట్టిన బూజు అసలు ఈ తరహాదే కాదని 2014లో ఇంకొందరు 'రైజోగ్లోమస్' అనమన్నారు, కొందరు అంటున్నారు, కొందరు అనడం లేదు. పైగా రైజోఫేగస్ అంటే 'వేరు తినేది' అని అర్థం, వేరుకు తిండి తెచ్చిపెట్టే దానికి తగిలించిన పేరు చూడండి!

ఇప్పుడు మీ ప్యాకెట్ సంగతి. కంపెనీ దగ్గరున్న తల్లి కల్చర్ కెనడా సంతతిది అయితే లోపల సరుకు మారలేదు, పాత తప్పు పేరు దిద్దారు, డీలర్ మాట నిజం. వాళ్ల దగ్గర నిజంగా ఫ్లోరిడా రకమే ఉండి పేరు మార్చారంటే మీ అబ్బాయి మాట నిజం. కల్చర్ చూసుకుని మార్చారా, పక్క కంపెనీ ప్యాకెట్ చూసి మార్చారా అన్నది ప్యాకెట్ చెప్పదు. నన్నడిగితే ఈ పేరు గురించి మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు. తయారీ తేదీ ఎప్పుడు, గ్రాముకు ఎన్ని బతికున్న బీజాలని రాశారు, కొట్టులో ఎండ తగిలే చోట పెట్టాడా, ఇవి చూడండి. చచ్చిన బూజుకు ఏ పేరుంటే ఏం లాభం. ఇంకో మాట, పెద్ద చెట్ల పాదుల్లో వేసే డబ్బులు నర్సరీ సంచుల్లో, కొత్తగా నాటే గుంతల్లో పెట్టండి. పదేళ్ల చెట్టు వేర్లలో ఇప్పటికే మీ నేలకు అలవాటైన బూజులు ఉంటాయి, బయటనుంచి వచ్చినదానికి అక్కడ చోటు దొరకడం కష్టం.

ప్రశ్న: ఎం.ఎస్సీ. బోటనీ రెండో ఏడాది చదువుతున్నాను సర్. ప్రాజెక్టు కోసం నూజివీడు వైపు ఒక పాత మామిడి తోట మట్టి తెచ్చి జల్లెడ పడితే ఎర్రటి గోధుమ రంగులో, పైన గుంటలు గుంటలుగా ఉన్న స్పోర్లు నాలుగు దొరికాయి. నా దగ్గరున్న పుస్తకంలో ఏ బొమ్మతోనూ కలవడం లేదు. కొత్త జాతి అని రాసేయమని గైడ్ గారు అంటున్నారు. రాయొచ్చా? (ఒక విద్యార్థిని, కృష్ణా జిల్లా)

జవాబు: నాలుగు స్పోర్లతో రాయకమ్మా. గైడ్ గారి ఉత్సాహం అర్థమైంది, నాదీ ఒకప్పుడు అంతే. పీజీలో ఉండగా నల్లగా నిగనిగలాడే గుండ్రటివి దొరికితే వారం రోజులు కూర్చుని బొమ్మలు గీశాను, గోడల పొరలు కూడా లెక్కపెట్టాను. చివరికి మా సీనియర్ ఒకదాన్ని సూదితో నొక్కితే లోపలినుంచి కాళ్లు బయటికొచ్చాయి. ఏదో పురుగు గుడ్డు! పుప్పొడి రేణువులు, నెమటోడ్ల (నులిపురుగుల) గుడ్ల సంచులు, వేరే శిలీంధ్రాల గట్టి ముద్దలు, ఇవన్నీ జల్లెడ మీద స్పోర్లలాగే కూర్చుంటాయి.

నీవి నిజంగా స్పోర్లే అనుకుందాం. గుంటలున్నాయంటే ముందు అకాలోస్పోరా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వైపు చూడు. అందులో స్క్రోబిక్యులేటా అనే జాతికి గుంటలుంటాయి, అది వేడి దేశాల్లో ఎక్కడ తవ్వినా దొరికేంత మామూలు జాతి. ఫోవియేటాకు గుంటలు పెద్దవి, రంగు ఎర్రటి గోధుమ. నీ పుస్తకంలో ఈ రెండో బొమ్మ లేదేమో ముందు చూసుకో. ఈ ప్రజాతిలో స్పోరు ఒక సంచి మెడ పక్కన పుడుతుంది, తర్వాత సంచి ఎండి రాలిపోతుంది, దాని మచ్చ మాత్రం మిగులుతుంది. ఆ మచ్చ దొరికితే సగం పనైనట్టే. గ్లోమస్ వైపువాటికైతే స్పోరు కింద తొడిమలాగా దారం అతుక్కుని ఉంటుంది, గిగాస్పోరాకు ఆ తొడిమ ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది. స్లైడు రెండు రకాలుగా చెయ్యి, ఒకటి ఉత్త పీవీఎల్‌జీలో (స్పోరును స్లైడు మీద నిలిపే జిగురు ద్రవం), ఇంకోటి పీవీఎల్‌జీ, మెల్జర్ ద్రావణం (అయోడిన్ ఉన్న రంగు మందు) సమంగా కలిపి, కవర్‌స్లిప్ మీద మెల్లగా నొక్కి స్పోరు పగిలేలా. ఏ పొరకు ఎరుపు ఎక్కింది, ఏ పొర విడిపోయింది అన్నదాన్ని బట్టే పాతకాలం వాళ్లు జాతులు చెప్పేవాళ్లు. మనం ఇప్పటికీ పట్టే ఈ జల్లెడ పద్ధతి కూడా గెర్డెమన్, నికల్సన్ 1963లో చెప్పినదే, మట్టిని నీళ్లలో కలిపి తేర్చి వరస జల్లెళ్లలో పోయడం.

అసలు ఇబ్బంది ఏంటంటే తోట మట్టిలో దొరికే స్పోర్లలో చాలా భాగం ముసలివి. ఎండకు ఎండి, వానకు నాని, వేరే బూజులు బెజ్జాలు పెట్టి, రంగు మారి, పై పొర ఊడిపోయి ఉంటాయి. వాటిని చూసి వర్ణన రాయడం అంటే చింకి చొక్కా చూసి కొత్తలో దాని డిజైన్ చెప్పడం లాంటిది. అందుకే కుండీలో పెంచాలి. శుద్ధి చేసిన ఇసుకలో తోట మట్టి కలిపి జొన్న వెయ్యి, మూడు నాలుగు నెలలు పెరగనిచ్చి, నీళ్లు తగ్గించి ఆరనిచ్చి మళ్లీ జల్లెడ పట్టు. తాజా స్పోర్లు వస్తాయి, లేతవి ముదిరినవి అన్ని దశల్లో. వాటిలోంచి ఒకే రకం ఏరి, కుదిరితే ఒకే ఒక్క స్పోరుతో ఇంకో కుండీ మొదలుపెట్టు. పదిసార్లు పెడితే ఒకటి రెండు నిలుస్తాయి, ఓపిక కావాలి. ఆ కుండీలో పెరిగినవన్నీ ఒక తల్లి పిల్లలు కాబట్టి, తేడాలు కనిపిస్తే అవి వయసు తేడాలే గానీ జాతి తేడాలు కావని ధైర్యంగా చెప్పగలవు.

తర్వాత డీఎన్ఏ. రైబోజోమ్ జన్యువుల దగ్గర సుమారు 1500 అక్షరాల ముక్క చదువుతారు. ఇక్కడ చాలామంది బోల్తా పడేదొకటి ఉంది: ఈ బూజుల స్పోరు ఒక్కదానిలోనే వందలకొద్దీ కేంద్రకాలు, ఆ ముక్కలో కొన్ని అక్షరాలు ఒకే స్పోరు లోపలే రకరకాలుగా ఉంటాయి. కాబట్టి ఒక్క సీక్వెన్సు (చదివిన అక్షరాల వరస) తెచ్చి డేటాబేస్‌లో దేనితోనూ నూటికి నూరు కలవలేదు, కొత్త జాతి అని గంతులేస్తే నవ్వుతారు. ఒకే కల్చర్ నుంచి చాలా ముక్కలు చదివి, దగ్గరి బంధువులతో కలిపి వంశవృక్షం గీస్తే, నీవన్నీ ఒక కొమ్మ మీద విడిగా చేరాలి. ఆకారం, డీఎన్ఏ రెండూ ఒకే మాట చెప్పినప్పుడే కొత్త జాతి.

పైగా, మామిడి కింద దొరికింది కాబట్టి మామిడి బూజు అనడానికీ లేదు. తోటలో గరిక ఉంది, అంతరపంట వేసి ఉంటారు, ఆ స్పోర్లు వాటివీ కావచ్చు. మామిడి వేరులో ఏముందో తెలియాలంటే ఆ పీచు వేరునే కడిగి దాని డీఎన్ఏ తియ్యాలి. అలా తీసినప్పుడు స్పోరు అనేదే ఎన్నడూ కంటపడని బూజులు బోలెడు బయటపడుతున్నాయి. పేరు పెట్టిన జాతులు ప్రపంచం మొత్తం మీద 350కి అటూఇటూ, వేర్లలో డీఎన్ఏగా మాత్రమే కనిపించి పేరు లేక నంబర్లతో బతుకుతున్నవి ఇంకా ఉన్నాయి. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయం వాళ్లు 'మార్యామ్' అనే డేటాబేస్‌లో వాటికి నంబర్లిచ్చి పెడుతున్నారు. నీ సీక్వెన్సు అక్కడ కూడా వెతుకు.

ఇప్పటికైతే ప్రాజెక్టులో 'అకాలోస్పోరా, జాతి తేలలేదు' అని రాసి, ఫోటోలు పెట్టి, తోట ఎక్కడో, మట్టి ఏ నెలలో తీశావో రాసిపెట్టు. కుండీ మాత్రం ఈ వారమే పెట్టు, మిగిలిన మట్టి ఫ్రిజ్‌లో ఉంటే.

ప్రశ్న: కొత్త జాతి దొరికితే దానికి మా ఊరి పేరు పెట్టుకోవచ్చా? ఎవరి పర్మిషన్ కావాలి? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: పెట్టుకోవచ్చు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కానీ రూల్సు ఉన్నాయి. వర్ణన అచ్చు కావాలి. 2011 చివరి దాకా లాటిన్‌లో రాయాల్సి వచ్చేది, ఇప్పుడు ఇంగ్లిషులో చాలు. 2013 నుంచి శిలీంధ్రాల పేర్లకు మైకోబ్యాంక్ లాంటి పేర్ల నమోదు డేటాబేస్‌లో నంబరు తీసుకోకపోతే ఆ పేరు చెల్లదు. దేన్ని చూసి పేరు పెట్టారో ఆ నమూనా, మన విషయంలో స్లైడు, ఏదైనా హెర్బేరియంలో (ఎండు నమూనాల భండారంలో) భద్రపరచాలి. బతికున్న కల్చర్ తప్పనిసరి కాదు గానీ, అది కూడా ఢిల్లీలో టెరి అనే పరిశోధన సంస్థ వాళ్ల మైకోరైజా కల్చర్ల భండారం లాంటి చోట దాచకపోతే రేపు ఎవరికైనా అనుమానమొస్తే చూపించడానికి ఏమీ ఉండదు. ఫ్లోరిడా బూజు కల్చర్ దాచి ఉంచబట్టే కదా పైన చెప్పిన తప్పు బయటపడింది.

మన దేశం పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది. కేరళలో అలప్పుళ తీరం మట్టిలో దొరికినదానికి 2010లో 'గ్లోమస్ ఇండికమ్' అని పెట్టారు. తర్వాత ప్రజాతి మారి 'డొమినికియా ఇండికా' అయింది. చూశారుగా, ఇంటిపేరు మారినా దేశం పేరు పోలేదు. అందుకే మీ ఊరి పేరు రెండో ముక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: చీనీ చెట్టు పాదు తవ్వితే వేర్ల మీద తెల్లటి దారాలు కనిపించాయి. వ్యామ్ బాగా పట్టిందని పక్క రైతు సంబరపడుతున్నాడు. నిజమేనా? (ఒక రైతు, అనంతపురం జిల్లా)

జవాబు: కాదండీ. వ్యామ్ పట్టిన చీనీ వేరుకూ పట్టని వేరుకూ కంటికి తేడా కనిపించదు, మైక్రోస్కోపు కావాల్సిందే. కంటికి తెల్లగా దారాలు కనిపిస్తే అది చివికే ఎరువు మీద పెరిగే మామూలు బూజు కావచ్చు, దాంతో భయం లేదు. కానీ ఆ వేరు బెరడు చేత్తో లాగితే మెత్తగా ఊడొస్తోందా, లోపల గోధుమ రంగు తిరిగిందా, వాసన వస్తోందా చూడండి. అలా ఉంటే అది వేరుకుళ్లు, సంబరం ఆపి ఆ వేర్లు తీసుకుని దగ్గర్లోని ఉద్యాన శాఖ వాళ్లకో పరిశోధన కేంద్రానికో వెంటనే చూపించండి.

ప్రశ్న: నిమ్మ, బత్తాయి నర్సరీ మట్టిని మందు పెట్టి పూర్తిగా శుద్ధి చేశాం, డీఏపీ కూడా బాగానే ఇచ్చాం. అయినా మొలకలు గిడసబారి పసుపెక్కాయి. పక్కన శుద్ధి చేయని మడిలో మాత్రం బాగున్నాయి. ఇదేం విడ్డూరం? (నర్సరీ యజమాని, నెల్లూరు జిల్లా)

జవాబు: విడ్డూరమేమీ కాదు, అమెరికా సిట్రస్ నర్సరీలవాళ్లు యాభై ఏళ్ల కిందటే ఈ దెబ్బ తిన్నారు. పొగమందు పెట్టిన మడుల్లో మొలకలు గిడసబారిపోతుంటే మందు విషమే మిగిలిందేమో అనుకున్నారు. 1972లో క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ చూపించిందేమంటే, మందు రోగాలతో పాటు ఈ మంచి బూజును కూడా చంపేసింది, దాన్ని తిరిగి కలిపితే మొక్కలు లేచాయి. సిట్రస్ వేర్లకు నూగు చాలా తక్కువ, భాస్వరం కోసం బూజు మీద అంతగా ఆధారపడేది అందుకే. మీరు భాస్వరముండే డీఏపీ కుమ్మరించినా, భాస్వరం ఎక్కువైన మట్టిలో మొక్క బూజును దగ్గరికి రానివ్వదు, అటు జింకు కూడా సరిగ్గా అందదు. ఇప్పుడు డీఏపీ ఆపి, మంచి వ్యామ్ తెచ్చి పీచు వేర్లకు తగిలేలా వెయ్యండి. పక్క మడి మట్టి కలిపితే కూడా పని జరుగుతుంది గానీ అందులో నెమటోడ్లు, వేరుకుళ్లు ఉంటే అవీ వస్తాయి, ఆ రిస్కు నేను తీసుకోమనను.

ప్రశ్న: మా హైస్కూల్లో ఒక మైక్రోస్కోపు ఉంది. ఈ బూజును పిల్లలకు చూపించాలంటే ఖరీదైన రంగులు కావాలా? (సైన్స్ టీచరు, మహబూబ్‌నగర్)

జవాబు: అక్కర్లేదు మేడమ్, ఫౌంటెన్ పెన్ ఇంకు, వెనిగర్ చాలు. ఇది నా చిట్కా కాదు, 1998లో అచ్చయిన పద్ధతే. బత్తాయి, మామిడి వేర్లు రంగు వదలడానికి సతాయిస్తాయి, ఉల్లి వేర్లు తీసుకోండి. నూటికి పదిపాళ్ల పొటాషియం హైడ్రాక్సైడ్‌లో అవి పారదర్శకమయ్యేదాకా వేడి చెయ్యాలి, ఈ పని మాత్రం మీరే గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యండి, పిల్లల చేతికివ్వొద్దు. బాగా కడిగి, 95 పాళ్ల వెనిగర్‌లో 5 పాళ్ల నల్ల ఇంకు కలిపి మూడు నిమిషాలు మరిగించండి. తర్వాత రెండు చుక్కల వెనిగర్ వేసిన నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే అదనపు రంగు దిగిపోతుంది. అన్ని ఇంకులూ పట్టవు, ఒకటి పట్టకపోతే ఇంకోటి చూడండి. వేరు లోపల సన్నటి చెట్టు కొమ్మల్లా చీలినవి కనిపిస్తే మొక్కా బూజూ ఇచ్చిపుచ్చుకునేది అక్కడే, గుండ్రటి సంచుల్లాంటివి బూజు కొవ్వు దాచుకునే గదులు. పక్కనే ఇంకో స్లైడు మీద ముల్లంగి వేరు కూడా అలాగే రంగేసి పెట్టండి. అందులో ఇవేవీ ఉండవు, ఆవాల కుటుంబానికి ఈ బూజుతో పొత్తు లేదు. ఎందుకు లేదని పిల్లలు అడిగితే ఆ ప్రశ్న నాకు పంపండి, వచ్చే నెల దాంతోనే మొదలుపెడతాను.